కారుకు చేయించిన మార్పులను ఇన్సూరెన్స్ పాలసీలో ఎలా ఎక్కించాలి: సీఎన్‌జీ కిట్ నుంచి అల్లాయ్ వీల్స్ దాకా

కారు కొన్నాక చాలామంది ఏదో ఒకటి మార్పిస్తారు. సీఎన్‌జీ కిట్, పెద్ద స్క్రీన్, ఆంప్లిఫయర్, అల్లాయ్ వీల్స్, సీటు కవర్లు, అదనపు ఫాగ్ లైట్లు. షాపువాళ్లు బిల్లు ఇస్తారు, వారంటీ కార్డు ఇస్తారు. పాలసీలో రాయించుకోమని మాత్రం చెప్పరు. ఆ లోటు యాక్సిడెంట్ అయ్యాక నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ వచ్చి బానెట్ తెరిచినప్పుడు బయటపడుతుంది.

కంపెనీ బీమా ఇచ్చింది మీరు ప్రపోజల్ ఫారంలో వివరించిన కారుకు. పాలసీ మీద ఉండే ఐడీవీ, అంటే బీమా చేసిన విలువ, మీ వేరియంట్‌కు తయారీదారు ప్రకటించిన ధర నుంచి లెక్క కడతారు. కారు వయసు 6 నెలల లోపైతే 5 శాతం తరుగు, ఏడాది లోపైతే 15, రెండేళ్ల లోపైతే 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, ఐదేళ్లకు 50 శాతం. షోరూమ్ దాటాక మీరు బిగించినది ఆ ధరలో లేదు కాబట్టి ఐడీవీలోనూ ఉండదు. దాని విలువ విడిగా చెప్పాలి, విడిగా ప్రీమియం కట్టాలి. ఇది డబ్బు వైపు. రెండో వైపు ఇంకా ముఖ్యం: బండి స్వభావాన్ని మార్చే పనిని దాచితే అది ముఖ్యమైన సమాచారాన్ని దాచడం కింద లెక్క. అప్పుడు గొడవ ఆ ఒక్క పార్టు ధర దగ్గర ఆగదు, మొత్తం క్లెయిమ్ మీదికి వస్తుంది.

ఈ వ్యవహారమంతా ఒక సూత్రం మీద నడుస్తుంది. బండి, ఆర్‌సీ, పాలసీ మూడూ ఒకే మాట చెప్పాలి. ఏ రెంటికి పొంతన లేకపోయినా క్లెయిమ్ అక్కడే చిక్కుకుంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది: ఆ మార్పు చట్టం ఒప్పుకునేదేనా?

పాలసీలో రాయించినంత మాత్రాన చట్టం ఒప్పుకోని మార్పు సక్రమమైపోదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఆచరణలో మార్పులను మూడు రకాలుగా చూడవచ్చు.

మొదటి రకం, ఆర్‌సీతో సంబంధం లేనివి: మ్యూజిక్ సిస్టమ్, రివర్స్ కెమెరా, డాష్‌క్యామ్, సీటు కవర్లు, మ్యాట్లు, మీ మోడల్‌లోనే పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చే సైజు అల్లాయ్ వీల్స్. వీటికి ఆర్టీఏ పని లేదు, నేరుగా పాలసీలో చేర్పించుకోవచ్చు.

రెండో రకం, అనుమతితో చేయదగ్గవి: సీఎన్‌జీ లేదా ఎల్పీజీ కిట్, బండి రంగు మార్పు, ఇంజిన్ బదులు ఇంజిన్, దివ్యాంగుల కోసం చేతితో నడిపేలా కంట్రోళ్లు, ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం ఆమోదం పొందిన ఎలక్ట్రిక్ కిట్. ఇవి ముందు ఆర్‌సీలోకి, తర్వాత పాలసీలోకి ఎక్కాలి. బండి రంగు కనపడకుండా పూర్తిగా చుట్టే వినైల్ ర్యాప్‌ను కూడా రంగు మార్పుగానే చూసుకోవడం క్షేమం, ఎందుకంటే ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది.

మూడో రకం, పాలసీ కాగితం కాపాడలేనివి. ముందు బంపర్‌కు బిగించే ఇనుప గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఆ గార్డు ఢీకొన్న దెబ్బ తీవ్రతను నేరుగా ఛాసిస్‌కు మళ్లిస్తుంది. ఎయిర్‌బ్యాగులు సమయానికి తెరుచుకోవడమూ దెబ్బతినవచ్చు. అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012లో నిషేధించింది. కాంతిని ముందు, వెనక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం లోపలికి రానివ్వాలి. మోత పెట్టే సైలెన్సర్, బాడీ నుంచి బయటికి పొడుచుకొచ్చే టైర్లు, ఇంజిన్ శక్తి పెంచే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) రీమ్యాప్ కూడా ఇందులోవే. వీటిని తీసేయడమే మా సలహా. గార్డు ఉన్న కారు పాదచారిని గుద్దితే ఆ కేసులో మీ పక్షాన మాట్లాడే కాగితం ఉండదు.

టైర్ల గురించి ఒక మాట. సైజు మార్చేటప్పుడు మొత్తం టైరు వ్యాసం పాతదానికి 3 శాతం కన్నా తేడా రాకూడదన్నది వర్క్‌షాపులు పాటించే లెక్క. అంతకు మించితే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, మలుపుల్లో టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. సర్వేయర్ టైరు మీది సైజును తయారీదారు పట్టికతో పోల్చి చూస్తారని గుర్తుంచుకోండి.

సీఎన్‌జీ కిట్: ఎక్కువ క్లెయిములు పోయేది ఇక్కడే

సీఎన్‌జీ బండిలో మంట పుడితే కంపెనీ అడిగే తొలి ప్రశ్న, కిట్ ఆర్‌సీలో ఉందా, పాలసీలో ఉందా అని. అందుకే ఈ పని వరుసలో చేయాలి.

కిట్ కొనక ముందే ఆ కిట్‌కు మీ కారు తరగతికి సరిపడే టైప్ అప్రూవల్, అంటే పరీక్షించి ఇచ్చిన ఆమోదం, ఉందో లేదో చూడండి. ఏఆర్ఏఐ, ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థలు దీన్ని ఇస్తాయి. బీఎస్-6 పెట్రోల్ కార్లకు బయట కిట్ పెట్టించుకోవడానికి నిబంధనలు 2022 ఆగస్టులో వచ్చాయి, మొత్తం బరువు 3.5 టన్నుల లోపు బండ్లకు. ఆ అప్రూవల్ మూడేళ్లే చెల్లుతుంది. కాబట్టి తేదీ దాటిన సర్టిఫికెట్ చూపిస్తే వద్దనండి.

కారు మీద లోను ఉంటే బ్యాంకు నుంచి రాతపూర్వక అంగీకారం తీసుకోండి. లేకుంటే ఆర్టీఏ దగ్గర ఫైలు ఆగిపోతుంది.

బిగించిన చోట ఇవి తీసుకోకుండా బయటికి రావద్దు: జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు, కిట్ సీరియల్ నంబరు, సిలిండర్ నంబరు, సిలిండర్‌కు పేలుడు పదార్థాల నియంత్రణ సంస్థ పెసో ఆమోదం, ఫిట్‌మెంట్ సర్టిఫికెట్, టైప్ అప్రూవల్ నకలు. బిల్లు మీద మీ రిజిస్ట్రేషన్, ఛాసిస్ నంబర్లు రాయించుకోండి. ఈ ఒక్క జాగ్రత్త లేక, ఈ బిల్లు ఈ బండిదేనని తర్వాత నిరూపించలేక ఇబ్బంది పడతారు.

మార్పు జరిగిన 14 రోజుల లోపు ఆర్టీఏకు తెలపాలని చట్టం చెబుతోంది. జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే ఎంవీఐ బండిని చూసి, సిలిండర్ నంబరు సరిచూసుకున్నాక ఆర్‌సీలో ఇంధనం పెట్రోల్/సీఎన్‌జీగా మారుతుంది. కొత్త ఆర్‌సీ చేతికొచ్చేదాకా ఆగకుండా, కిట్ బిగించిన రోజే ఇన్సూరెన్స్ కంపెనీకి బిల్లు జత చేసి ఈమెయిల్ పంపండి. ఆర్‌సీ రాగానే అదే ఈమెయిల్‌కు జవాబుగా దాన్ని పంపితే, మీరు దాచలేదని తేదీలతో సహా రుజువు మిగులుతుంది. ఎండార్స్‌మెంట్, అంటే మార్పును పాలసీలో చేర్చినట్టు కంపెనీ ఇచ్చే కాగితం, వచ్చేవరకు దూర ప్రయాణాలు పెట్టుకోకండి. కంపెనీ ఒప్పుకోనిదే కవర్ మొదలు కాదు, మీ ఈమెయిల్ ఒక్కటే కవర్ ఇవ్వదు.

సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో చేసే పరీక్ష) తప్పనిసరి, ఎల్పీజీ ట్యాంకుకు ఐదేళ్లకోసారి. టెస్ట్ గడువు దాటిన సిలిండర్ ఉన్న బండి కాలిపోతే క్లెయిమ్ మీద అభ్యంతరం లేవడం ఖాయం.

ఎంత కట్టాలి?

సొంత నష్టం ప్రీమియం, అంటే మీ కారుకు కలిగే నష్టం కోసం కట్టే భాగం, మీద టారిఫ్ (రేట్ల) నియంత్రణ 2007లో ఎత్తేశారు. అయినా కంపెనీలు ఇప్పటికీ పాత మోటార్ టారిఫ్‌లోని ఎండార్స్‌మెంట్ నంబర్లను, లెక్కలను వాడుతున్నాయి. ఆ నంబర్లు తెలిస్తే కాల్ సెంటర్‌లో సగం వాదన తప్పుతుంది.

గ్యాస్ కిట్‌కు ఐఎంటీ-25 (ఐఎంటీ అంటే ఇండియన్ మోటార్ టారిఫ్). కిట్ విలువ మీద 4 శాతం, దానికి తోడు థర్డ్ పార్టీ భాగంలో 60 రూపాయలు. కిట్ ధర విడిగా తెలియని ఫ్యాక్టరీ సీఎన్‌జీ బండ్లకు సొంత నష్టం ప్రీమియం మీద 5 శాతం కలుపుతారు. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ సామాన్లకు ఐఎంటీ-24, ఇది కూడా విలువ మీద 4 శాతం. అల్లాయ్ వీల్స్, సీటు కవర్ల వంటి నాన్-ఎలక్ట్రికల్ సామాన్లకు మాత్రం కారుకు పడే రేటే.

ఒక లెక్క చూద్దాం. 60,000 రూపాయల సీఎన్‌జీ కిట్‌కు ఏడాదికి 2,400, దానికి 60 కలిపితే 2,460, మీద 18 శాతం జీఎస్టీ 442.80. మొత్తం 2,902.80. పాలసీ మధ్యలో చేర్పిస్తే మిగిలిన రోజులకే కట్టాలి: ఇంకా 146 రోజులు ఉంటే 2,400 బదులు 960, దాని మీద జీఎస్టీ. అంత చిన్న మొత్తానికి లక్షల క్లెయిమ్‌ను పణంగా పెట్టడం ఎవరికైనా నష్టమే.

అల్లాయ్ వీల్స్ 48,000 అనుకోండి. ఐదేళ్ల లోపు వయసున్న, 1000 నుంచి 1500 సీసీ కారుకు పాత టారిఫ్ రేటు హైదరాబాద్‌లో 3.283 శాతం. విజయవాడ, వరంగల్, విశాఖలో రిజిస్టరైన కారుకు 3.191 శాతం, ఎందుకంటే తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్ ఒక్కటే రేటు ఎక్కువుండే జోన్-ఎ. ఆ లెక్కన హైదరాబాద్ కారుకు దాదాపు 1,576 రూపాయలు, డిస్కౌంటు, నో క్లెయిమ్ బోనస్ తీయక ముందు.

విలువ తగ్గించి చెప్పి ప్రీమియం మిగుల్చుకోవాలని చూడకండి. 60,000 కిట్‌ను 20,000గా రాయిస్తే కంపెనీ బాధ్యత ఆ 20,000 దగ్గరే ఆగుతుంది. ఎక్కువ చెప్పినా లాభం లేదు, బిల్లు చూసే ఇస్తారు. ఏటా తరుగు కూడా పోతుంది.

దివ్యాంగుల కోసం మార్చిన కారు విషయంలో లెక్క తిరగబడుతుంది. ఆర్‌సీలో ఆ సంగతి ఎక్కితే ఐఎంటీ-12 కింద సొంత నష్టం ప్రీమియంలో 50 శాతం తగ్గింపు అడగవచ్చు. అడగకపోవడం వల్లే చాలామంది పూర్తి ప్రీమియం కడుతున్నారు. ఏఆర్ఏఐ ఆమోదం ఉన్న దొంగతన నిరోధక పరికరానికి కూడా 2.5 శాతం తగ్గింపు ఉంది, గరిష్ఠంగా 500 రూపాయలు.

కంపెనీకి రాయడం

ఏజెంటుకు ఫోన్‌లో చెప్పడం తెలపడం కాదు. సర్వీస్ సెంటర్‌లో చెప్పడం అంతకన్నా కాదు. పాలసీ ఇచ్చిన కంపెనీ కస్టమర్ కేర్ ఈమెయిల్‌కు మీరే రాయండి, ఏజెంటును కాపీలో పెట్టండి. పాలసీలో ఏ ఈమెయిల్ నమోదైందో దాని నుంచే పంపండి, లేకుంటే గుర్తింపు కుదరక వెనక్కి వస్తుంది. ఇలా రాస్తే సరిపోతుంది:

"అయ్యా / అమ్మా, నా కారు పాలసీ నంబరు ఇది, రిజిస్ట్రేషన్ నంబరు ఇది. ఫలానా తేదీన ఫలానా కిట్, సీరియల్ నంబరు ఇది, బిల్లు విలువ ఇంత, నా కారుకు బిగించారు. దీనిని ఐఎంటీ-25 ఎండార్స్‌మెంట్ కింద పాలసీలో చేర్చవలసిందిగా కోరుతున్నాను. అదనపు ప్రీమియం ఎంతో తెలిపి, చెల్లించే లింకు పంపగలరు. తనిఖీ అవసరమైతే తేదీ చెప్పగలరు. బిల్లు, ఫిట్‌మెంట్ సర్టిఫికెట్, ఆర్‌సీ, ఫొటోలు జత చేశాను."

ఒక్కో సామానుకు ఒక్కో వరుస రాయండి: పేరు, బ్రాండు, మోడల్, సీరియల్ నంబరు, ధర. "యాక్సెసరీస్ 50,000" అని ఒకే ముద్దగా రాస్తే స్పీకరు పోయినప్పుడు దాని విలువ ఎంతో తేల్చడం మళ్లీ మీ తలనొప్పే. ఎలక్ట్రికల్, నాన్-ఎలక్ట్రికల్ విడివిడిగా చూపించండి, రేట్లు వేరు కాబట్టి.

ఫొటోలు పగటి వెలుతురులో తీయండి. కారు నాలుగు వైపులా నంబరు ప్లేటు కనిపించేలా, డాష్‌బోర్డు, ఓడోమీటర్, డిక్కీలో సిలిండర్, దాని ప్లేటు మీది నంబరు దగ్గరగా, ఛాసిస్ నంబరు. వైరింగ్ ఫొటో కూడా తీసి ఉంచండి. ఎలక్ట్రికల్ సామాన్లను కప్లర్ల ద్వారా, ఫ్యూజు, రిలే పెట్టి బిగించారా, లేక వైరు కోసి టేపు చుట్టారా అన్నది మంటల కేసులో కీలకమవుతుంది. ఐఎంటీ-24 కింద కూడా ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్ వల్ల ఆ సామానుకే కలిగిన నష్టం కవర్ కాదు. ఆంప్లిఫయర్ దానంతటదే కాలిపోతే డబ్బు రాదు, కారు గుద్దుకుని పగిలితే వస్తుంది.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. పాలసీ గడువు దాటి గ్యాప్ వచ్చి కంపెనీ తనిఖీ మనిషి కారు ఫొటోలు తీసుకెళితే, మార్పులన్నీ వాళ్లకు తెలిసిపోయినట్టేనని అనుకుంటారు. తనిఖీ దెబ్బలు చూడటానికి. షెడ్యూల్‌లో, అంటే పాలసీ వివరాల పట్టికలో, ఎక్కనిది, ఫొటోలో ఉన్నా, పాలసీలో లేనట్టే.

ఎండార్స్‌మెంట్ చేతికొచ్చాక

డబ్బు కట్టిన రసీదు ఎండార్స్‌మెంట్ కాదు. షెడ్యూల్ పీడీఎఫ్ వచ్చాక నాలుగు చోట్ల చూడండి: ఐఎంటీ నంబరు ఉందా, ఇంధనం గడిలో సీఎన్‌జీ వచ్చిందా, విలువ సరైన గడిలో పడిందా, అమల్లోకి వచ్చే తేదీ, సమయం ఏవి. కిట్ విలువ నాన్-ఎలక్ట్రికల్ గడిలో పడటం తరచూ జరిగే పొరపాటు. తప్పుంటే ఆ రోజే రాతలో అడగండి.

పాలసీలు రెండు కంపెనీల్లో ఉంటే ఇద్దరికీ తెలపాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. సొంత నష్టం పాలసీని ఏటా వేరే కంపెనీలో తీసుకునే వీలుంది. కొత్త కంపెనీలో కిట్ చేర్పించి, పాత కంపెనీ థర్డ్ పార్టీ పాలసీని మరిచిపోతారు. ఆ 60 రూపాయల భాగం కట్టాల్సింది అక్కడ. థర్డ్ పార్టీ కేసులో సైతం ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్నది కంపెనీకి చట్టం ఇచ్చిన కొద్ది అభ్యంతరాల్లో ఒకటి. బాధితులకు చెల్లించి, ఆ మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేసుకునే ఆదేశాలు కోర్టులు ఇస్తుంటాయి.

జీరో డెప్ (తరుగు తీయకుండా చెల్లించేది), రిటర్న్ టు ఇన్‌వాయిస్ (కారు పూర్తిగా పోతే బిల్లు ధర ఇచ్చేది) యాడ్-ఆన్లు బయటి సామాన్లకు వర్తిస్తాయో లేదో పాలసీ వర్డింగ్‌లో చూసుకోండి. వర్తించకపోతే మామూలు తరుగు పడుతుంది: ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి 50 శాతం, ఫైబర్ భాగాలకు 30 శాతం, అద్దానికి ఏమీ లేదు. టైర్లకు కారు కూడా అదే ప్రమాదంలో దెబ్బతింటేనే ఇస్తారు.

రెన్యువల్ రోజు

ఇక్కడ జారిపోయే క్లెయిములు లెక్కలేనన్ని. ఆన్‌లైన్‌లో నంబరు కొడితే వివరాలు వాటంతటవే నిండుతాయి, తక్కువ ప్రీమియం కనిపిస్తుంది, రెండు నిమిషాల్లో కట్టేస్తారు. కంపెనీ మారితే నిరుటి ఎండార్స్‌మెంట్ వెంట రాదు. సీఎన్‌జీ గడి "లేదు" అని, యాక్సెసరీస్ గడి సున్నా అని ఉండిపోతాయి. అది మీరు ఇచ్చిన ప్రకటన కిందే లెక్క. కట్టే ముందు పాత షెడ్యూల్ పక్కన పెట్టుకుని గడి గడికీ పోల్చండి, తరుగు తీసిన కొత్త విలువ వేయండి.

ఇప్పటికే మార్పులు చేయించి, ఎన్నాళ్లనుంచో చెప్పకుండా ఉన్నవారు ఈ రోజే రాయండి. వెనక తేదీతో కవర్ రాదు, ఈ రోజు నుంచి వస్తుంది. ఓనర్ మారిన సెకండ్ హ్యాండ్ కారైతే, పాలసీ బదిలీకి ఉన్న 14 రోజుల్లోనే ముందు యజమాని బిగించినవన్నీ చూసి, బిల్లులు అడిగి తీసుకుని, మీ పేరు మీద ప్రకటించండి.

క్లెయిమ్ పడితే

సర్వేయర్ చూసేవరకు ఏదీ విప్పకండి, తీసేయకండి. యాక్సిడెంట్ తర్వాత గార్డు, లైట్లు పీకేసి దాచడం వల్ల బ్రాకెట్ గుర్తులు మిగులుతాయి. అప్పుడు చిన్న ఉల్లంఘన కాస్తా మోసం ఆరోపణగా మారుతుంది. 50,000 రూపాయలు, ఆ పైన నష్టానికి లైసెన్స్ ఉన్న సర్వేయరే రావాలి. అడిగిన ప్రశ్నకు ఉన్నది చెప్పండి, ఎండార్స్‌మెంట్ నకలు, బిల్లులు ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి.

ప్రకటించని మార్పు ఉందని మొత్తం క్లెయిమ్ తోసిపుచ్చితే, ఆ మార్పుకూ ప్రమాదానికీ సంబంధం ఏమిటో రాతలో అడగండి. ఆగి ఉన్న కారును వెనక నుంచి లారీ గుద్దితే, లోపల ఉన్న మ్యూజిక్ సిస్టమ్ దానికి కారణం కాదు. పాలసీ షరతు ఉల్లంఘన జరిగిన చోట కూడా ఒప్పుకోదగ్గ మొత్తంలో 75 శాతం వరకు నాన్-స్టాండర్డ్ పద్ధతిలో, అంటే పూర్తిగా తోసిపుచ్చకుండా కొంత తగ్గించి, చెల్లించే మార్గదర్శకాలను 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు ఆధారంగా తీసుకుంది. ఆ కేసు పేరు మీ ఉత్తరంలో రాయండి. మంట పుట్టిన బండిలో చెప్పని గ్యాస్ కిట్ ఉంటే మాత్రం ఈ వాదన నిలవడం కష్టం.

ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, 50 లక్షల రూపాయల దాకా, ఫీజు లేకుండా, ఏడాది లోపు. ఏపీ, తెలంగాణ, యానాం ఫిర్యాదులకు హైదరాబాద్ కార్యాలయం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌లో, 155255 నంబరుకు కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

కిట్ తీయించేసినా పని ఇదే వరుసలో ఉంటుంది: ఆర్‌సీలో ఇంధనం మార్పించి, ఆ నకలుతో కంపెనీకి రాసి, పాలసీ నుంచి ఐఎంటీ-25 తొలగించమని, మిగిలిన రోజుల ప్రీమియం వాపసు ఇమ్మని అడగండి.